ఆ 2147483647 ఎవరి నంబరు?

బరంపురం పట్టు నేతగాళ్ల సంఘంలో మళ్లీ అదే గొడవ. ఠాకురాణీ యాత్ర పండగ అడ్వాన్స్ మెసేజ్ సగం మందికి అందలేదు, సరే అని లిస్టు ప్రింట్ తీస్తే ఇంతమంది పేర్ల పక్కన ఒకటే ఫోన్ నంబరు, 2147483647. కమిటీ వాళ్లేమో కొత్త ప్రోగ్రామర్ గుంటడు డేటాబేస్‌లో ఫోన్ కాలమ్ టైపు, అంటే అందులో ఏ రకం డేటా పట్టాలన్నది, మార్చాడు, అప్పుడే నంబర్లన్నీ పోయాయి అంటున్నారు.

 సంఘానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో ఫోనంటే ఏడంకెల ల్యాండ్‌లైను, 0680 అనే ఊరి కోడ్ ఎవరూ కొట్టేవారు కాదు, ఇంట్ కాలమ్‌లో, అంటే పూర్ణాంకాలు మాత్రమే పట్టే కాలమ్‌లో, హాయిగా పట్టేది. సెల్ నంబర్లు పాస్‌బుక్కు వెనక పెన్నుతో రాసేవారు.

కథంతా తిరగబడింది సర్వర్ మార్చినప్పుడు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, 2015లో వచ్చిన 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్, అంటే హద్దు దాటిన అంకెను తీసుకోకుండా ఎర్రర్ ఇచ్చే పద్ధతి, డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. సరిగ్గా అప్పుడే మెసేజ్‌ల కోసమని సెల్ నంబర్లు ఆ కాలమ్‌లోనే ఎక్కించడం మొదలెట్టారు. ఇంట్‌కి పై హద్దు 2147483647, మన సెల్ నంబర్లేమో 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెలు, ఒక్కటంటే ఒక్కటి పట్టదు. సర్వర్ పాపం మొహం మీదే చెప్పింది, అవుట్ ఆఫ్ రేంజ్, హద్దు దాటింది అని. కౌంటర్ దగ్గర జనం, వెనక కమిటీ తొందర, దాంతో పాత ప్రోగ్రామర్ కాలమ్ జోలికెళ్లకుండా స్ట్రిక్ట్ మోడే తీసేశాడు. ఎర్రర్ ఆగింది, అందరూ సంతోషం! ఇక ఏ సెల్ నంబరు కొట్టినా లోపల పడేది ఆ హద్దు అంకే, వచ్చే వార్నింగ్‌ని ఆ స్క్రీన్ చూపించేదే కాదు.

కొత్త గుంటడు నిరుడు చేసింది ఆల్టర్ టేబుల్, మోడిఫై అనే కమాండ్‌తో ఆ కాలమ్‌ని వర్చార్ 15కి, అంటే 15 అక్షరాల దాకా పట్టే టైపుకి, మార్చడం, అంతే. లోపల ఉన్న అంకెలే అక్షరాలుగా మారాయి. మార్చకముందు తీసిన డంప్, అంటే డేటా మొత్తం కాపీ, కూడా చూపించాడు, అందులోనూ అదే 2147483647, ఆ డంప్ ఊసు మాత్రం మీటింగులో ఎవరూ ఎత్తట్లేదు. వాడి తప్పూ ఉందిలెండి, మోడిఫైలో నాట్ నల్, అంటే ఖాళీగా వదలకూడదన్న షరతు, మళ్లీ రాయకపోతే ఎగిరిపోతుంది, రాయలేదు, అందుకే ఆ తర్వాత చేరిన కొందరికి అసలు నంబరే లేదు. పైగా పట్టపగలు చేశాడు, టేబుల్ కాపీ అయినంతసేపు ఎంట్రీలు ఆగిపోయాయి.

పోయిన నంబర్లు ఇప్పుడు ఏ టైపుకి మార్చినా టేబుల్‌లోంచి రావు. పాస్‌బుక్కులు చూసి మళ్లీ ఎక్కించాలి, ఆ టైపింగ్ డబ్బులు గుంటడి బిల్లులో కోస్తామని కమిటీ పట్టు, ఆదివారం మీటింగు దానికే.