కాటుకీ మెదడుకీ మధ్య గడువు

బొడ్డు చుట్టూ 14 సూదులు! పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా, ఒడిశా సరిహద్దులోని మన తెలుగు ఇళ్లలో కుక్క కాటు మాటెత్తితే పెద్దవాళ్లకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఇదే. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత రేబిస్ టీకాను మన దేశంలో 2004 చివరికల్లా ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికి. టీకా మారింది గానీ భయం మారలేదు. ఆ భయంతోనే కొందరు ఆసుపత్రి మాని పసరు మందుకు పోతారు.

నిజానికి రేబిస్ గడువిచ్చే జబ్బు. కుక్క చొంగలోని వైరస్ నెత్తుట్లో కలిసి ఒళ్లంతా పాకదు. నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పోతుంది, రోజుకు కొన్ని మిల్లీమీటర్లో, కొన్ని సెంటీమీటర్లో. అందుకే లక్షణాలు కనబడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ముఖం మీదో మెడ మీదో కరిస్తే దారి దగ్గర, గడువు తక్కువ. పొట్టివాళ్లు కాబట్టి పిల్లలకు ఆ ముప్పు ఎక్కువ. మంచినీళ్లు చూస్తేనే గొంతు పట్టేసే దశ వచ్చిందంటే ఇక ఏ వైద్యమూ పనిచేయదు. ఏం చేసినా దానికి ముందే.

మొదటి వైద్యం పెరట్లో కుళాయి దగ్గరే. ఈ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బు దాన్ని చెడగొడుతుంది. ధారకట్టిన నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి (గడియారం చూసుకుని కడగండి, మనం 15 అనుకునేది మూడే అవుతుంది). కారం, సున్నం అద్దితే పుండు రేగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. మొదటి సూది పడిన రోజే సున్నా. టీకాతో ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది. నెత్తురు కారిన కాటైతే ఆ సందు పూడ్చడానికి, తయారుగా ఉన్న రక్షణను నేరుగా అందించే మందు అయిన ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయంలోనే ఎక్కించాలి. చాలామందికి దీని సంగతే తెలియదు. డాక్టరును అడగండి, అదీ మొదటి టీకా పడిన వారంలోపే. కరిచింది పెంపుడు కుక్కే అయినా ఆగకూడదు. సూదులు మొదలుపెట్టి, కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి.

సరిహద్దు మనుషులకు ఇంకో అనుమానం. పర్లాకిమిడిలో మొదలుపెట్టిన సూదులు పాతపట్నంలో వేయించుకోవచ్చా? వేయించుకోవచ్చు. టీకా కంపెనీ మారినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు, టీకా కార్డు ఉంటే చాలు. కోర్సు అయ్యాక కూడా ఆ కార్డు పారేయొద్దు. ఎన్నాళ్లకైనా ఇంకో కుక్క కరిస్తే, ఆ కార్డు చూపించినవాళ్లకు 0, 3 రోజుల్లో రెండు విడతలే వేస్తారు, ఇమ్యునోగ్లోబులిన్ అవసరముండదు.