ఐరిష్ సముద్రంలో చెక్‌పోస్టు

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఉండే ఒకాయన ఇంగ్లండ్‌లోని నర్సరీకి ఆన్‌లైన్‌లో రెండు గులాబీ మొక్కలు ఆర్డర్ పెట్టాడనుకుందాం. దేశం ఒకటే, పౌండు ఒకటే, పోస్టాఫీసు ఒకటే. అయినా 2021 జనవరి నుంచి చాలా నర్సరీలు చెప్పిన జవాబు ఒకటే: ఉత్తర ఐర్లండ్‌కు పంపడం లేదు. కారణం మొక్క వేళ్లకు అంటుకున్న మట్టి. యూరోపియన్ యూనియన్ లెక్కలో అది పరాయి దేశపు మట్టి. అక్కడి రైతులకు అలవాటైన స్కాట్లండ్ విత్తన బంగాళాదుంపలూ ఆగిపోయాయి. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ తెచ్చుకోవాలంటే టైర్లకు మట్టి లేకుండా కడిగించి, కడిగించినట్టు కాగితం చూపించాల్సి వచ్చింది.

ఒకే దేశంలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు సరుకు పంపడానికి కస్టమ్స్ కాగితాలెందుకు? ఉత్తర ఐర్లండ్‌లో ఇప్పటికీ చల్లారని ఈ ప్రశ్నకు జవాబు కోసం బ్రెగ్జిట్‌కు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడానికి, వందేళ్లు వెనక్కి పోవాలి.

1921లో ఐర్లండ్ ద్వీపాన్ని రెండు ముక్కలు చేశారు. ఈశాన్యంలోని ఆరు కౌంటీలు బ్రిటన్‌తో ఉండిపోయాయి, మిగతాది తర్వాత స్వతంత్ర దేశమైంది. పాత కౌంటీల హద్దులనే సరిహద్దుగా ఖాయం చేయడంతో గీత పొలాల మధ్య నుంచి, కొన్నిచోట్ల ఇళ్ల మధ్య నుంచి కూడా పోయింది. పొడవు దాదాపు 500 కిలోమీటర్లు, దాన్ని దాటే రోడ్లు 200కు పైగా. 1923 ఏప్రిల్ 1న కస్టమ్స్ చౌకీలు మొదలయ్యాయి. వాటితోపాటే దొంగ రవాణా కూడా. వెన్న, పశువులు, ఏ పక్క ధర ఎక్కువుంటే ఆ పక్కకు రాత్రికి రాత్రి నడిచిపోయేవి. అంతవరకు అది కాస్త నవ్వుకునే వ్యవహారమే.

1960ల చివర్లో బ్రిటన్‌తో ఉండాలనేవాళ్లకూ ఐర్లండ్‌లో కలవాలనేవాళ్లకూ మధ్య హింస మొదలయ్యాక నవ్వు పోయింది. గీత మీద నిలబడ్డ ప్రతి ప్రభుత్వ కట్టడమూ గురి అయింది. 1972 ఆగస్టు 22న న్యూరీ దగ్గర కస్టమ్స్ కార్యాలయంలో, ఐర్లండ్ ఏకీకరణ కోసం ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ సంస్థ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో బాంబు తెచ్చినవాళ్లు ముగ్గురు, కస్టమ్స్ ఉద్యోగులు నలుగురు, లారీ డ్రైవర్లు ఇద్దరు. చౌకీకి కాపలాగా పోలీసు, పోలీసుకు కాపలాగా సైన్యం, సైన్యానికి కాపలాగా కొండ మీద నిఘా బురుజులు. చిన్న రోడ్లనైతే సైన్యమే గుంతలు పేల్చి మూసేసింది. మూడు దశాబ్దాల ఆ గొడవల్లో దాదాపు 3,500 మంది ప్రాణాలు పోయాయి. అందుకే అక్కడి జనానికి కస్టమ్స్ గది అంటే పన్ను కట్టే చోటు మాత్రమే అని ఎవరైనా చెబితే నమ్మరు.

ఆ గీత చెరిగింది రెండు విడతల్లో. బ్రిటన్, ఐర్లండ్ రెండూ యూరప్ కూటమిలోనే ఉన్నాయి కాబట్టి 1993 జనవరి 1న ఉమ్మడి మార్కెట్ రాగానే సరుకుల తనిఖీ అక్కర్లేకుండా పోయింది. 1998 ఏప్రిల్ 10న హింసకు తెర దించే గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరాక బురుజులు, సైన్యం క్రమంగా తొలగాయి. ఇప్పుడు డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు కారులో పోతుంటే సరిహద్దు దాటామని తెలిసేది వేగ పరిమితి బోర్డు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారినప్పుడే. ఒప్పందంలోని అసలు ఒడుపు అక్కడే ఉంది. గీత కనిపించదు కాబట్టి తాను ఐరిష్ అనుకునేవాడు ఒకే ద్వీపంలో ఉన్నాననుకోవచ్చు, తాను బ్రిటిష్ అనుకునేవాడు లండన్ ఏలుబడిలోనే ఉన్నాననుకోవచ్చు. ఇద్దరి మాటా నిజమే.

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో బ్రిటన్ మొత్తంగా దాదాపు 52 శాతం ఓట్లతో బయటికి వచ్చేద్దామంది. ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం ఉండిపోదామన్నారు. అక్కడ బ్రెగ్జిట్ కోసం గట్టిగా ప్రచారం చేసిన పెద్ద పార్టీ, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల డీయూపీ. ఆ తర్వాత అందరికంటే ఎక్కువ ఇరుకున పడింది కూడా వాళ్లే.

నా లెక్కలో అసలు మలుపు రెఫరెండం రోజు కంటే 2017 జనవరి 17. ఆ రోజు ప్రధాని థెరిసా మే లాంకస్టర్ హౌస్‌లో మాట్లాడుతూ, బ్రిటన్ ఉమ్మడి మార్కెట్లో ఉండదని, కస్టమ్స్ యూనియన్‌లో పూర్తి సభ్యత్వమూ కోరుకోదని చెప్పారు. అదే ప్రసంగంలో ఐర్లండ్‌లో పాత సరిహద్దు తిరిగి రాకూడదనీ అన్నారు. ఆ రెండు మాటలూ ఒక ఒరలో ఇమడవు. రెండు మార్కెట్ల నిబంధనలు వేరైతే వాటి మధ్య ఎక్కడో ఒకచోట సరుకు ఆపి చూడాలి. నేల మీద వద్దంటే సముద్రం మీద, సముద్రం మీదా వద్దంటే బ్రిటన్ మొత్తం యూరప్ నిబంధనలే పాటించాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

సరిగ్గా ఆ ఏడాదే, 2017 జులై 1న, మన దగ్గర జీఎస్టీ వచ్చి రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. లారీలు బారులు తీరి, డ్రైవర్లు టీ కొట్టు దగ్గర గంటలు లెక్కపెట్టుకునే రోజులు గుర్తున్నవాళ్లకు, ఒక దేశం తన లోపల తానే కొత్త చెక్‌పోస్టు పెట్టుకోవడం ఎంత వింతో చెప్పక్కర్లేదు.

థెరిసా మే మొదట అందరినీ తృప్తిపరచాలని చూశారు. 2017 జూన్ ఎన్నికల్లో మెజారిటీ పోయి డీయూపీ పది మంది ఎంపీల మీద ఆధారపడ్డారు. డిసెంబర్ 4న బ్రస్సెల్స్‌లో ఒప్పందం చేతికందే వేళ, డీయూపీ నాయకురాలు అర్లీన్ ఫోస్టర్ ఒప్పుకోకపోవడంతో వెనక్కి తగ్గాల్సి వచ్చింది. చివరికి 2018 నవంబర్‌లో కుదిరిన ఒప్పందంలో, వేరే దారి దొరికేదాకా దేశమంతా యూరప్ కస్టమ్స్ పరిధిలోనే ఉంటుందన్నారు. దాన్నే బ్యాక్‌స్టాప్ అన్నారు. పార్లమెంటు దాన్ని మూడుసార్లు తిప్పికొట్టింది, మొదటిసారి ఏకంగా 230 ఓట్ల తేడాతో. మే పదవి పోయింది.

తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ చిక్కుముడిని ఒక్క వేటుతో తెంచేశారు. ఉత్తర ఐర్లండ్‌ను మాత్రం సరుకుల విషయంలో యూరప్ నిబంధనల్లో వదిలేసి, మిగతా బ్రిటన్‌ను బయటికి లాగేశారు. 2019 అక్టోబర్ 17న కుదిరిన ఈ ఏర్పాటు పేరే ప్రోటోకాల్. ఏ బ్రిటిష్ కన్సర్వేటివ్ ప్రభుత్వమూ ఇలాంటి సముద్ర సరిహద్దుకు ఒప్పుకోకూడదని ఆయనే 2018 నవంబర్‌లో డీయూపీ మహాసభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఒప్పందం చేసుకున్న మరుసటి నెలలో ఉత్తర ఐర్లండ్ వ్యాపారులతో మాట్లాడుతూ, ఎవరైనా ఫారం నింపమంటే చెత్తబుట్టలో వేయమన్నారు. ఆ వీడియోను తర్వాత అక్కడివాళ్లు ఎన్నిసార్లు చూశారో! గీత గీయడం కంటే గీత లేదని చెప్పడమే జనానికి ఎక్కువ మంట పుట్టించింది. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వమే ప్రోటోకాల్‌లో కొన్ని భాగాలను పక్కన పెట్టే ఒక బిల్లు తెచ్చి, అది అంతర్జాతీయ చట్టాన్ని నిర్దిష్టంగా, పరిమితంగా ఉల్లంఘిస్తుందని మంత్రి నోటితోనే సభలో చెప్పించింది.

2021 జనవరి 1న కాగితాలు మొదలయ్యాయి. సూపర్‌మార్కెట్ లారీలో వందల రకాల సరుకులుంటాయి. మాంసం, పాలు, గుడ్లు కలిసిన వాటికి పశువైద్యుడి సంతకంతో సర్టిఫికెట్ కావాలన్నది యూరప్ నియమం. పెద్ద దుకాణాలకు కొన్ని నెలల సడలింపు ఇచ్చినా కొన్ని అరలు ఖాళీ అయ్యాయి, చిన్న వ్యాపారులు కొందరు ఉత్తర ఐర్లండ్‌కు అమ్మడమే మానేశారు. యూరప్ కూటమి బయటి దేశాల నుంచి ఫ్రీజ్ చేయని సాసేజ్‌లను రానివ్వదు. అంటే సడలింపు గడువు ముగిస్తే ఇంగ్లండ్ సాసేజ్ బెల్‌ఫాస్ట్‌కు రావడం కూడా నిషిద్ధమే. జూన్‌లో కార్న్‌వాల్‌లో జీ7 నేతలు కలిసినప్పుడు పత్రికలు దానికి సాసేజ్ యుద్ధమని పేరు పెట్టాయి. పేరు నవ్వు పుట్టించినా బెల్‌ఫాస్ట్ వీధుల్లో అప్పటికే మంటలు లేచాయి.

అదే ఏడాది జనవరి 29న యూరోపియన్ కమిషన్ కొవిడ్ టీకాల ఎగుమతి తగాదాలో, ప్రోటోకాల్‌ను కొంతమేర ఏకపక్షంగా పక్కన పెట్టనిచ్చే ఆర్టికల్ 16ను వాడబోయి, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. ద్వీపంలో సరిహద్దు తిరిగి రాకూడదని నాలుగేళ్లు చెప్పినవాళ్లే ఆ మాటను ఒక్క సాయంత్రంలో మరిచిపోయారని యూనియనిస్టులు పట్టుకున్నారు. ఆ మాటలో న్యాయముంది. ఫిబ్రవరి మొదట్లో గోడల మీద బెదిరింపు రాతలు కనిపించి లార్న్, బెల్‌ఫాస్ట్ రేవుల్లో తనిఖీ సిబ్బందిని కొన్నాళ్లు వెనక్కి పిలిచారు. మార్చి చివర్లో మొదలైన అల్లర్లలో పదుల సంఖ్యలో పోలీసులు గాయపడ్డారు, ఏప్రిల్ 7న బెల్‌ఫాస్ట్‌లో ఒక బస్సును తగలబెట్టారు. అదంతా సాసేజ్ గొడవే అనలేం. కొవిడ్ ఆంక్షలున్న రోజుల్లో పెద్ద ఎత్తున జరిగిన, ఐర్లండ్ ఏకం కావాలనే రిపబ్లికన్ వర్గపు నాయకుడొకరి అంత్యక్రియలకు వెళ్లిన అదే వర్గం పార్టీ సిన్ ఫెయిన్ నేతలపై కేసులు పెట్టకూడదన్న నిర్ణయమూ అప్పుడే వచ్చింది. తమను రెండో తరగతి పౌరుల్లా చూస్తున్నారన్న కడుపుమంటకు రెండూ తోడయ్యాయి.

2022 ఫిబ్రవరిలో డీయూపీ ముఖ్యమంత్రి పాల్ గివన్ రాజీనామా చేశారు. అక్కడ రెండు వర్గాలూ కలిసే ప్రభుత్వం నడపాలి. ఒకరు లేస్తే కుర్చీలన్నీ ఖాళీ. మే నెలలో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో సిన్ ఫెయిన్ 27 సీట్లతో తొలిసారి పెద్ద పార్టీ అయింది. డీయూపీ మాత్రం సముద్రంలో గీత పోయేదాకా లోపలికి రామంది. రెండేళ్లు పూర్తి స్థాయి ప్రభుత్వం లేదు. అప్పటికే బ్రిటన్‌లోనే అతి పొడవైన ఆస్పత్రి నిరీక్షణ జాబితాలున్న చోట, ఆరోగ్య బడ్జెట్ మీద నిర్ణయం తీసుకునే మంత్రి లేడు. రోగికి సాసేజ్‌తో ఏం పని?

అప్పటి ప్రధాని రిషి సునాక్, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ 2023 ఫిబ్రవరి 27న విండ్సర్‌లో కొత్త ఏర్పాటు ప్రకటించారు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు గ్రీన్ లేన్, దక్షిణానికి జారిపోయే అవకాశమున్న సరుకుకు రెడ్ లేన్. సాసేజ్‌లు, మొక్కలు, విత్తన బంగాళాదుంపల నిషేధాలు చాలావరకు సడలాయి. కాకపోతే గ్రీన్ లేన్‌కూ ముందు నమోదు చేసుకోవాలి, ఆహార పొట్లాల మీద ‘నాట్ ఫర్ ఈయూ’ అన్న ముద్ర ఉండాలి. పెద్ద గొలుసు దుకాణానికి ఇది లెక్క కాదు. వారానికి నాలుగు పెట్టెలు పంపే జున్ను తయారీదారుడికి లెక్కే. మరికొన్ని హామీలు తీసుకుని 2024 ఫిబ్రవరి 3న డీయూపీ తిరిగొచ్చింది, సిన్ ఫెయిన్‌కు చెందిన మిషెల్ ఓ'నీల్ ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబర్ 10న అసెంబ్లీ ఈ ఏర్పాటును కొనసాగించాలని 48-36 ఓట్లతో తేల్చింది. అనుకూలంగా ఒక్క యూనియనిస్టు ఓటూ పడలేదు.

అసలు బ్రిటన్ వైపు కథ ఇంతకంటే చిత్రం. బ్రిటన్ సరుకును యూరప్ 2021 మొదటి రోజు నుంచే తనిఖీ చేసింది. యూరప్ నుంచి వచ్చే సరుకును చూడడానికి బ్రిటన్ మాత్రం ఐదుసార్లు వాయిదా వేసి, 2024 ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని డోవర్ రేవులో దిగే సరుకును అక్కడికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలోని సెవింగ్టన్‌లో చూస్తారు. డోవర్, సముద్రం కింది సొరంగమైన యూరోటన్నెల్ మీదుగా వచ్చే సరుకులో ఒక్కో రకానికి 29 పౌండ్ల దాకా, ఒక్కో కన్‌సైన్‌మెంట్‌కు గరిష్ఠంగా 145 పౌండ్లు రుసుము పెట్టారు. కొత్త సరిహద్దు ఏర్పాట్లకు ప్రభుత్వం చేసే ఖర్చు కనీసం 470 కోట్ల పౌండ్లని జాతీయ ఆడిట్ కార్యాలయం 2024లో లెక్క చెప్పింది.

ఏడాది తిరిగేసరికి గాలి మారింది. 2025 మే 19న లండన్‌లో ప్రధానిగా ఉన్న కియర్ స్టార్మర్, యూరప్ నేతలు కలిసి, ఆహారం, మొక్కల విషయంలో యూరప్ నిబంధనలనే బ్రిటన్ అనుసరించే ఒప్పందానికి దారి వేశారు. అది ఖాయమైతే డోవర్‌లోనూ లార్న్‌లోనూ ఈ తనిఖీల్లో చాలావరకు అక్కర్లేదు. బదులుగా యూరప్ పడవలకు 2038 దాకా బ్రిటన్ జలాల్లో చేపలు పట్టుకునే హక్కు ఇచ్చారు. రూల్స్ వాళ్లు రాస్తే మనం పాటించడమా అని బ్రెగ్జిట్ వాదులు, ఇంత తిరిగి మొదటికే రావడమా అని మిగతావాళ్లు మండిపడ్డారు. జులైలో మొదలు కావాల్సిన యూరప్ పండ్లు, కూరగాయల తనిఖీలను ప్రభుత్వం అప్పటికప్పుడు ఆపేసింది.

పోర్ట్స్‌మౌత్ రేవులో తనిఖీల కోసం రెండున్నర కోట్ల పౌండ్లతో ఒక భవనం కట్టారు. కట్టి పూర్తయ్యేసరికే నిబంధనలు మారి చాలాభాగం అవసరం లేకుండా పోయింది. కట్టించినదాన్ని కూల్చాల్సి వస్తే ఆ డబ్బు ఎవరిస్తారని స్థానిక కౌన్సిల్ ప్రభుత్వాన్ని అడిగింది.