క్రోకస్ పెంపకం: పువ్వు వాడిపోయాకే అసలు పని

న్యూజెర్సీలోనో, లండన్ శివార్లలోనో పెరట్లో గోంగూర, టమాటాలతో పాటు పూలమొక్కలూ పెంచుకునే తెలుగువాళ్లు క్రోకస్ గురించి తరచుగా ఒకే ఫిర్యాదు చేస్తుంటారు. అక్టోబరులో దుంపలు నాటారు. ఫిబ్రవరి చివర, మంచు పూర్తిగా కరగకముందే, ఊదా, పసుపు, తెలుపు రంగుల పూలు నేలను చీల్చుకుని వచ్చాయి. మరుసటి ఏడాది సగమే పూశాయి. మూడో ఏడు సన్నని ఆకులు తప్ప ఏమీ లేవు. నేలలో సారం లేదనుకుని ఎరువు వేస్తారు, వేసవిలో నీళ్లు పోస్తారు. చాలా ఇళ్లలో అసలు కారణం గడ్డి కోసే యంత్రం.

ఎందుకో అర్థం కావాలంటే దుంప బతికే తీరు తెలియాలి. క్రోకస్ దుంపను చాలామంది ఉల్లిగడ్డ లాంటిదే అనుకుంటారు. ఉల్లిని కోస్తే పొరలు పొరలుగా విడిపోతుంది. క్రోకస్ దుంప మాత్రం చేమదుంపలా లోపలంతా గట్టిగా, పొరలు లేకుండా ఉంటుంది. అది పిండిపదార్థం నింపుకుని ఉబ్బిన కాండం. దాని ఆయుష్షు ఒక్క ఏడాదే. తనలోని ఆహారమంతా పూలకూ ఆకులకూ ఇచ్చేసి వడలిపోతుంది, దాని నెత్తిమీదే కొత్త దుంప ఊరుతుంది. పక్కన పిల్లదుంపలూ పుడతాయి. అంటే ఈ ఏడాది పూసిన దుంప, వచ్చే ఏడాది పూయబోయే దుంప ఒకటి కావు. కొత్తది పూత పట్టేంత లావెక్కాలంటే, పూలు పోయిన తర్వాత సుమారు ఆరు వారాలు ఆకులు ఎండలో ఉండాలి. మొదటి ఏడాది పూసిన పూలకు కావలసిన ఆహారం దుంపలు అమ్మినవారి పొలంలోనే సమకూరింది. రెండో ఏడాది నుంచి వచ్చేదే మన పెరటి పంట. నడుమ తెల్లని చారతో గడ్డిపోచల్లా కనిపించే ఆ ఆకులను ఏప్రిల్‌లో గడ్డితో పాటు కోసేస్తే కొత్త దుంపకు తిండి ఉండదు. ఆకులు వాటంతట అవే పసుపుపచ్చగా మారి వాలిపోయేదాకా అక్కడ యంత్రం నడపకూడదు. ముడులు వేయడం, జడలల్లడం కూడా వద్దు. క్రోకస్‌కు మనం చేయగల సేవల్లో ఇదే పెద్దదని నా నమ్మకం. ఎరువు దీని తర్వాతి మాట.

అలాగని గడ్డికీ క్రోకస్‌కూ పడదని కాదు. పోలండ్‌లోని తత్రా పర్వతాల్లో హోహోవోవ్‌స్కా లోయ వసంతంలో ఊదారంగు క్రోకస్‌లతో నిండిపోతుంది. అక్కడ శతాబ్దాలుగా గొర్రెలు మేస్తున్నాయి. మంద వల్ల గడ్డి ఎత్తుగా పెరిగి క్రోకస్‌ను కప్పేయదు, ఎరువూ అందుతుంది. పచ్చిక పొట్టిగా ఉండటం ఈ మొక్కకు మేలే. ఎప్పుడు కోస్తున్నామన్నదే తేడా.

ఈ పువ్వు నిర్మాణంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది అండాశయం ఉన్న చోటు. పైకి కనిపించే తెల్లని కాడ నిజానికి కాడ కాదు, పువ్వులోనే భాగమైన పొడవాటి గొట్టం. అండాశయం నేల కిందే, దుంపకు దగ్గరగా ఉంటుంది. పైన మంచు కురిసి రేకలు పాడైనా విత్తనాలు తయారయ్యే చోటు భద్రంగా ఉంటుంది. గింజలు ముదిరే వేళకు అసలు కాడ సాగి, కాయను నేల మీదికి తెస్తుంది. దుంపకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఏటా పాతదాని మీద కొత్తది పుడుతుంటే కొన్నేళ్లకు దుంపలు నేల పైకి వచ్చేయాలి. అలా జరగకుండా కొన్ని లావైన వేర్లు ముడుచుకుంటూ కొత్త దుంపను కిందికి లాగుతాయి.

నాటే పని మాత్రం తేలికే. వసంతంలో పూసే రకాలను సెప్టెంబరు, నవంబరు మధ్య, నేల గడ్డకట్టకముందే, మూడు నాలుగు అంగుళాల లోతున, రెండు మూడు అంగుళాల ఎడంతో మొన పైకి ఉండేలా పెట్టాలి. ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. బంకమట్టి నేలైతే ముతక ఇసుకో చిన్న గులకరాళ్లో కలపాలి. క్రోకస్ జాతులు ఎక్కువగా మధ్యధరా తీరం, బాల్కన్లు, టర్కీ, ఇరాన్ ప్రాంతాలవి. ఆ పొడి వేసవికి అలవాటైన దుంప జూన్, జూలైలలో నిద్రలో ఉంటుంది. అప్పుడు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. తొందరగా పూసేవి కావాలంటే క్రైసాంథస్ రకాలు, పెద్ద పూలు కావాలంటే వెర్నస్ నుంచి వచ్చిన డచ్ రకాలు తీసుకోవచ్చు. నన్నడిగితే లేత ఊదా రంగు టొమాసినియానస్‌నే ముందుగా చెబుతాను. విత్తనాలతో తనంతట తానే పచ్చికలో విస్తరిస్తుంది. ఉడతలు కూడా మిగతా రకాలంతగా దాని జోలికి రావని తోటమాలులు అంటారు. ఉడతల బెడద ఎక్కువగా ఉంటే నాటిన చోట కోళ్లదొడ్డికి వాడే ఇనుప వల పరిచి పైన మట్టి కప్పాలి. మొలకలు ఆ కన్నాల్లోంచి వస్తాయి.

హైదరాబాదులో, విజయవాడలో ఇవి పెరుగుతాయా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వసంతపు క్రోకస్‌కు మూడు నెలల పాటు సుమారు 4 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ చలి కావాలి, మన శీతాకాలం దానికి చాలదు. దుంపలను కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత కుండీలో నాటి పూయించవచ్చు. పక్కన ఆపిల్ పళ్లు ఉండకూడదు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. అయినా మన ఎండల్లో ఆ దుంప మరుసటి ఏడాదికి నిలుస్తుందని ఆశించకూడదు.

కుంకుమపువ్వు ఇచ్చే క్రోకస్ సటైవస్ లెక్క వేరు. దానికి పూమొగ్గ ఏర్పడేది వేసవి నిద్రలో, 23 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలో. తర్వాత 17 డిగ్రీల దగ్గరికి చల్లబడితే పువ్వు బయటికి వస్తుంది. కశ్మీర్‌లో పాంపోర్ దగ్గరి కరేవా మెట్టనేలల్లో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో పూయడం ఇందుకే. ఉష్ణోగ్రత మీదే ఇంతగా ఆధారపడుతుంది కాబట్టి కొందరు చల్లని గదుల్లో, మట్టి లేని పళ్లేల్లో కూడా దీన్ని పూయిస్తున్నారు. అక్కడా పూత తర్వాత దుంపలను మట్టిలో పెట్టి, ఆకులకు వెలుతురిచ్చి పెంచకపోతే మరుసటి ఏటికి ఏమీ మిగలదు. దీని కణాల్లో ప్రతి క్రోమోజోమూ రెండు చొప్పున జతగా ఉండదు. మూడేసి ప్రతులు ఉండటంతో అవి సరిగా జతపడక గింజలు కట్టదు. ప్రతి మొక్కా మనిషి చేత్తో వేరుచేసి నాటిన పిల్లదుంప నుంచి రావలసిందే. ఒక గ్రాము ఎండు కుంకుమపువ్వుకు సుమారు 150 పూలు కావాలి, కాబట్టి పెరట్లో నాలుగు దుంపలు వేసినవారికి పాయసానికి సరిపడా దొరికితే గొప్ప.

క్రోకస్ పూలు ఎండ పొడ తగలగానే విచ్చుకుని, మబ్బు పట్టి చలి పెరిగితే ముడుచుకుంటాయి. ఇది ప్రధానంగా వేడికి స్పందన అని జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ ఫెఫర్ 19వ శతాబ్దంలోనే పరిశీలించాడు. వెచ్చబడినప్పుడు రేక లోపలి వైపు, చల్లబడినప్పుడు బయటి వైపు ఎక్కువ పెరగడం వల్ల ఈ కదలిక కలుగుతుంది. చలి వదలని రోజుల్లో బయటికి వచ్చే తేనెటీగలకు ఈ పుప్పొడి విలువైన ఆహారం. అందుకే క్రోకస్ ఉన్న చోట పురుగుమందు చల్లవద్దని గట్టిగా చెబుతాను.

దుంపలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. శరదృతువు క్రోకస్ అనే పేరుతో అమ్మేవాటిలో కోల్చికమ్ కూడా ఉంటుంది. చూడటానికి క్రోకస్‌లాగే ఉన్నా అది వేరే కుటుంబానికి చెందినది, దుంప నుంచి పువ్వు దాకా అంతా విషం. ఆ విషం పేరు కోల్చిసిన్. మన అడవుల్లో ఎరుపు, పసుపు రంగుల్లో పూసే అడవినాభి కూడా అదే కుటుంబం, దాని దుంపలోనూ అదే విషం. గుర్తుపట్టడానికి పువ్వులో పుప్పొడి ఉండే కేసరాలు లెక్కపెట్టాలి. క్రోకస్‌కు మూడు, కోల్చికమ్‌కు ఆరు. పెరట్లో పూసినదాని నుంచి కుంకుమపువ్వు తీయాలనుకునేవారు ప్రతి పువ్వునూ ఇలా చూశాకే కోయాలి. రెండు రకాలనూ ఒకే మడిలో వేయనే వేయకూడదు.