దానం ఒకసారి రాజీనామా చేశారు

బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్‌లోకి మారిన ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ అనర్హత వ్యవహారం మళ్లీ రాజుకుంది. 1994లో ఆసిఫ్‌నగర్ నుంచి తొలిసారి గెలిచిన సంగతి, వైఎస్ హయాంలో మంత్రి అయిన సంగతి హైదరాబాద్ రాజకీయాలు తెలిసినవాళ్లకు కొత్త కాదు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 2004ని.

ఆ ఏడాది కాంగ్రెస్ టికెట్ దక్కలేదు. దానం చివరి నిమిషంలో తెలుగుదేశంలో చేరి, అదే ఆసిఫ్‌నగర్‌లో సైకిల్ గుర్తుపై గెలిచారు. రాష్ట్రంలో మాత్రం అధికారం కాంగ్రెస్‌కు వచ్చింది. దానం పాత గూటికి తిరిగొచ్చారు. వస్తూ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి మజ్లిస్ అభ్యర్థి మొజంఖాన్ చేతిలో ఓడిపోయారు. పద్ధతి ప్రకారం రాజీనామా చేసి ప్రజల దగ్గరికి వెళ్తే దక్కింది అది. నియోజకవర్గాల పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ అనే సీటే లేకుండా పోయింది. 2009లో ఆయన ఖైరతాబాద్‌కు మారి గెలిచారు. 2014లో బీజేపీ అభ్యర్థి చింతల రామచంద్రారెడ్డి చేతిలో ఓడారు.

2018లో కాంగ్రెస్ వదిలి, ఇప్పటి బీఆర్ఎస్ అయిన టీఆర్ఎస్‌లో చేరారు. దీన్ని కూడా ఫిరాయింపుల లెక్కలో వేస్తుంటారు కానీ అప్పుడాయన ఎమ్మెల్యే కాదు, ఫిరాయింపుల చట్టంతో పేచీయే లేదు. పదవిలో ఉండగా పార్టీ మారింది రెండుసార్లే: 2004లో, 2024లో. మొదటిసారి రాజీనామా ఉంది, రెండోసారి లేదు.

2023లో బీఆర్ఎస్ బీ-ఫామ్ (పార్టీ తన అభ్యర్థికిచ్చే అధికారిక పత్రం)‌పై ఖైరతాబాద్‌లో గెలిచారు. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. 2024 మార్చిలో సీఎం రేవంత్‌రెడ్డి సమక్షంలో కండువా మార్చిన దానం, అలాంటి నగరంలో రాజీనామా చేసి ఉప ఎన్నికకు సిద్ధపడతారా? ఆసిఫ్‌నగర్ అనుభవం ఉన్న మనిషి ఆ సాహసం చేయకపోవడంలో వింతేమీ లేదు. వింత ఆ తర్వాత జరిగింది. ఎమ్మెల్యే పదవిలో ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ బీ-ఫామ్‌తో పోటీ చేసి, కిషన్‌రెడ్డి చేతిలో సుమారు 50 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

బీఆర్ఎస్ వాదన అంతా ఈ బీ-ఫామ్ చుట్టూనే. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నారనడానికి రాజీనామా లేఖే అక్కర్లేదని, నడవడికను బట్టి కూడా తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రవి నాయక్ కేసులో చెప్పింది. మరో పార్టీ అభ్యర్థిగా నామినేషన్ వేయడం కంటే స్పష్టమైన నడవడిక ఏముంటుందన్నది వాళ్ల ప్రశ్న. బీఆర్ఎస్ తరఫున పాడి కౌశిక్‌రెడ్డి, బీజేపీ తరఫున ఏలేటి మహేశ్వర్‌రెడ్డి పిటిషన్లు వేశారు. కౌశిక్‌రెడ్డి కూడా 2021లో కాంగ్రెస్ నుంచి వచ్చినవారేలెండి, కాకపోతే అప్పటికి ఎమ్మెల్యే కాదు. హైకోర్టులో ఒకసారి అటు, ఒకసారి ఇటు తేలాక 2025 జులై 31న సుప్రీంకోర్టు, పార్టీ మారిన పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలపై మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని స్పీకర్‌ను ఆదేశించింది. గడువు దాటిపోయింది. డిసెంబరులో స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ ఐదుగురిపై పిటిషన్లు కొట్టేశారు, పార్టీ మారినట్టు ఆధారాల్లేవన్నారు. ఆ ఐదుగురిలో దానం లేరు.

మీరు చేసినప్పుడు తప్పు కాలేదా అని బీఆర్ఎస్‌ను కాంగ్రెస్ అడుగుతోంది. అడగడంలో తప్పులేదు. 2014లో టీడీపీ టికెట్‌పై సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా చేశారు, ఆయన రాజీనామా మాత్రం స్పీకర్ దగ్గరే ఉండిపోయింది. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల విలీనానికి ఓకే చెప్పిన స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి, ఇప్పుడు ఈ పదిమందిలో ఒకరు. అయితే ఈ రాష్ట్రంలోనే ఈటల రాజేందర్ 2021లో, కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2022లో రాజీనామా చేసే జనం ముందుకు వెళ్లారు. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు.

పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండొంతుల మంది కలిసి కదిలితే అది విలీనం, వేటు పడదు. 2019 నాటి ఆ దారి ఈసారి లేదు. అప్పుడు 18 మందిలో 12 మంది కదిలారు, అంటే సరిగ్గా మూడింట రెండొంతులు. బీఆర్ఎస్‌కు 2023లో వచ్చినవి 39 సీట్లు, ఆ లెక్కన కావాల్సింది 26 మంది, కదిలింది పదిమంది. అందుకే, మేం పార్టీ మారలేదు, నియోజకవర్గ అభివృద్ధి కోసం సీఎంను కలిశాం అన్న జవాబు ఒక్కటే మిగిలింది. సీఎంను కలిసి ఊరుకున్న ఎమ్మెల్యేకు ఆ జవాబు పనికొస్తుందేమో. కాంగ్రెస్ బీ-ఫామ్‌తో నామినేషన్ వేసిన దానంకు ఎలా పనికొస్తుందన్నదే ప్రశ్న.