గెట్టు పంచాయితీలో పాత కథలు

పిల్లలకు తాత ఆశీస్సులు.

"యుద్ధం ఇప్పుడు జరుగుతుంటే, వాళ్లు ఎప్పటివో రాజుల కథలు మనకెందుకు చెప్తున్నరు తాతా?" అని చిన్నది ఫోన్‌లో అడిగింది. రష్యా, ఉక్రెయిన్ నాయకుల సంగతి అడుగుతున్నది.

నా చిన్నతనంలో దేవరకొండ దిక్కు గెట్టు పంచాయితీలు ఒక పట్టాన తెగేవి కావు. రేపు పంచాయితీ అనగా పాలోళ్లిద్దరూ రాత్రే పక్కూరి పెద్దమనుషుల ఇండ్లకు పోయేది. మా నాయన వెంట లాంతరు పట్టుకొని పోయి అరుగు మీద కూర్చొని వినేవాణ్ని. గెట్టు రాయి ఎక్కడుండెనో ఎత్తరు. భూమి పోగొట్టుకున్నాయన దగ్గర, "నీ చెలక కలుపుకున్ననాడు నీకెట్లుండె మామా?" అంటారు. ఇంకో ఇంట్లో, "కరువుల మా ఇంటి జొన్నలు తిన్నరు, యాదికుందా?" జొన్నల మాట వినగానే ఆ ముసలాయన ముఖం మెత్తబడేది. మరోచోట, "తాతలనాడు రెండు చెలకలూ ఒక్కటే."

రెండు చెలకలూ ఒక్కటే అన్న కథనే రష్యా అధ్యక్షుడు పుతిన్ 2021 జులైలో పెద్ద వ్యాసంగా రాసి, ఉక్రెయిన్ భాషలో కూడా పెట్టించారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం గెట్టు దాటింది. మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ వీడియోలో ఇల్లిల్లూ తిరిగినట్టే పార్లమెంట్లతో మాట్లాడారు. బ్రిటన్‌కు చర్చిల్ మాటలు, అమెరికాకు పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, జర్మనీకి బెర్లిన్ గోడ. ఎవరి గాయం వాళ్లకు చూపించారు. రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ అదే 2022 జులైలో ఆఫ్రికా తిరిగి, మేము మిమ్మల్ని ఎన్నడూ వలసగా ఏలలేదన్నారు. మనకైతే సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ, 1971 స్నేహ ఒప్పందం గుర్తుచేస్తారు. అవి మనం తిన్న జొన్నలు.

జొన్నలిచ్చింది నిజమే బిడ్డా. కానీ ఇచ్చిననాడు పాలోళ్లిద్దరిదీ ఒకే పొత్తు. భిలాయ్ కట్టిననాటి సోవియట్‌లో ఉక్రెయిన్ కూడా ఉంది, 1945లో హిట్లర్‌ను ఓడించిన ఎర్రసైన్యంలో ఉక్రెయిన్ వాళ్లూ లక్షల్లో ఉన్నారు. రష్యా వాళ్లు ఆ ముక్క దాచి మిగతాది చెప్తారు. 1991 డిసెంబర్ 1న ఉక్రెయిన్‌లో ఓటేసినవాళ్లలో నూటికి తొంభై మంది వేరుపడదామన్నారు. 1994లో బుడాపెస్ట్‌లో ఆ గెట్టును గౌరవిస్తామని రష్యా సంతకం పెట్టింది. గెట్టు రాయి అది. వేరుపడ్డాక పాత పొత్తు చూపించి రాయి జరపడం తప్పు. ఇల్లిల్లూ తిరిగి కథ చెప్పింది ఇద్దరూ అయినా, గెట్టు దాటినవాడూ ఇల్లు కాపాడుకునేవాడూ నా లెక్కలో ఒకటి కారు.

దసరాకు వచ్చినప్పుడు ఒక పని చేయండి. మన ఊళ్లో ముసలివాళ్లున్న మూడిండ్లకు విడివిడిగా పోయి, నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన 1948లో ఇక్కడేం జరిగిందని పెద్దలు చెప్పేవారో అడగండి. ఎవరు ఏం చెప్పారో, దేని దగ్గర ఆగిపోయారో నోటుపుస్తకంలో రాయండి. పక్కింటి వాళ్లు కూర్చున్నప్పుడు మళ్లీ ఒకసారి అడగండి. రెండు రాతలూ పక్కపక్కన పెట్టి నాకు చూపించండి.

మీ తాత