మినహాయింపు ఇచ్చినా మునిగిన సీల్ వేట

మంచు సముద్రాల్లో బతికే సీల్ అనే జంతువు తోలు వంటి ఉత్పత్తులపై ఐరోపా నిషేధం ఉండాలా, తీసేయాలా అన్న తగవు 2024లో యూరోపియన్ కమిషన్ సమీక్షతో మళ్లీ రేగింది. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ వాళ్లు ఓడల్లో వెళ్లి సీల్ పిల్లల్ని వేటాడటం, దాన్ని నిరసిస్తూ 1977లో ఫ్రెంచి సినీనటి బ్రిజిత్ బార్దో మంచు మీదికి వెళ్లడం చాలామందికి తెలిసినవే. అసలు ముడి పడింది 1983లో.

ఆ మార్చిలో ఐరోపా ఆర్థిక సమాజం (నేటి ఐరోపా సమాఖ్యకు ముందుది) ఆపింది తెల్లబొచ్చు హార్ప్ సీల్, నీలివీపు హుడెడ్ సీల్ పిల్లల తోళ్ల దిగుమతినే. ఆర్కిటిక్ మూలవాసులైన ఇన్యూట్ల సంప్రదాయ వేటను మినహాయించింది కూడా. కెనడా ఆర్కిటిక్‌లో వాళ్లు ఎక్కువగా పట్టేది రింగ్డ్ సీల్ అనే వేరే జాతిని. కానీ కోటు కొనేవాళ్లకు ఏ తోలు ఏ సీల్‌దో ఏం తెలుస్తుంది? మొత్తం సీల్ తోలు బేరమే కూలింది.

ఇన్యూట్ల చలికాలపు వేట ఓపికతో కూడిన పని. సీల్ మంచును గోళ్లతో గీరి చాలాచోట్ల ఊపిరి కన్నాలు తెరిచి ఉంచుకుంటుంది. వేటగాడు ఒకదాని దగ్గర కదలకుండా కాచుకోవాలి. అడుగు కిర్రుమంటే అది ఇంకో కన్నానికి పోతుంది. ఈటె మొన ఒంట్లో దిగాక అడ్డం తిరుగుతుంది, లాగినా ఊడదు. మాంసం ఇంటికీ ఇరుగుపొరుగుకీ. తోలు పని ఆడవాళ్లది: ఉలు అనే అర్ధచంద్రపు కత్తితో కొవ్వు గీకి, కడిగి, చట్రానికి బిగించి ఆరబెడతారు. కొవ్వు మిగిలితే తోలు పసుపెక్కుతుంది, చెయ్యి బరువైతే చిల్లు పడి ధర పోతుంది.

1960ల నుంచి కుక్కల బండ్ల చోట స్నోమొబైళ్లు వచ్చాయి. పెట్రోలుకు, తూటాలకు రొక్కం కావాలి. దాన్ని తెచ్చేది ఈ తోలే. తోలు అమ్ముడుపోకపోతే పెట్రోలు లేదు, పెట్రోలు లేకపోతే మాంసమూ లేదు.

న్యూఫౌండ్‌లాండ్ ఓడల వాళ్లు సీల్ పిల్లల్ని దుడ్లతో కొట్టి చంపడం క్రూరమన్నది జంతు సంక్షేమ సంఘాల వాదన. కెనడాయే 1987లో ఆ పిల్లల వాణిజ్య వేటను నిషేధించింది.

2009లో ఐరోపా నిషేధాన్ని అన్ని సీల్ ఉత్పత్తులకూ పెంచింది, మళ్లీ అదే మినహాయింపుతో. ఇన్యూట్ సంఘాలు దానిపై లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య కోర్టుకెళ్లి 2013లో ఓడిపోయాయి. మరుసటేడు ప్రపంచ వాణిజ్య సంస్థ ప్రజానైతికత పేరిట నిషేధాన్ని నిలబెడుతూనే, మినహాయింపు అమలులో గ్రీన్‌లాండ్ ఇన్యూట్లకు దక్కిన వీలు కెనడా ఇన్యూట్లకు దక్కలేదంది. కెనడా ఆర్కిటిక్‌లో ఇన్యూట్లు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంత ప్రభుత్వానికి, తోలు ఇన్యూట్ల వేటదేనని ధ్రువపత్రాలిచ్చే గుర్తింపు 2015లో గానీ రాలేదు. అప్పటికి తోలు బేరం పడిపోయి ముప్పై ఏళ్లు దాటింది.