ఆదాయపు పన్ను శాఖ పేరుతో బెదిరింపు ఫోన్లు: నేపథ్యం

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో జీతం మీదో పింఛను మీదో ఆధారపడిన కుటుంబాలకు ఒకప్పుడు ఆదాయపు పన్ను శాఖ అంటే ఊళ్లో ఉన్న కార్యాలయమే. నోటీసు తపాలాలో వచ్చేది, అనుమానం కలిగితే ఆడిటరు ఆ కాగితం పట్టుకొని వెళ్లి విచారించి వచ్చేవారు. 2009లో బెంగళూరులో కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం ఏర్పడ్డాక రిటర్నుల లెక్క సరిచూడటం క్రమంగా అక్కడికి మారింది. 2019 అక్టోబరులో మొదలై మరుసటి ఏడాది ఆగస్టులో విస్తరించిన ఫేస్‌లెస్ విధానంతో, మదింపు చేసే అధికారి దేశంలో ఎక్కడున్నారో పన్ను చెల్లించేవారికి తెలియని స్థితి వచ్చింది. అవినీతిని తగ్గించే ఉద్దేశంతో తెచ్చిన ఈ మార్పు మంచిదే అయినా, శాఖ గొంతు ఎలా ఉంటుందో తెలియని జనానికి ఫోన్‌లో అధికారంగా మాట్లాడే ఎవరైనా అధికారిగానే తోచే పరిస్థితిని కూడా అదే కల్పించిందని చెప్పక తప్పదు.

మోసం మాత్రం అంతకంటే పాతది. 2016 అక్టోబరులో ఠాణే పోలీసులు మీరా రోడ్డులోని కాల్ సెంటర్లపై దాడి చేసినప్పుడు, అక్కడి యువకులు అమెరికా పన్ను అధికారులమని చెప్పుకొని అమెరికా వాసులకు ఫోన్ చేసి, బకాయి కట్టకపోతే అరెస్టు తప్పదని బెదిరించి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు రాబట్టిన వైనం బయటపడింది. పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న మన జిల్లాల తల్లిదండ్రులు ఈ సంగతి వారికి తప్పక చెప్పాలి.

అదే ఎత్తుగడ మన వైపూ తిరిగింది. రీఫండు మంజూరైందంటూ లింకులు, పాన్ రద్దవుతుందంటూ హెచ్చరికలు వచ్చాయి. ఆ తర్వాత మోసగాళ్లు పోలీసు యూనిఫాం వేసుకొని ఎదుటివారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టే ‘డిజిటల్ అరెస్టు’ వచ్చింది. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో చెప్పాల్సి వచ్చింది. ఇందులో చిక్కుకున్నవారిని తెలివితక్కువవారిగా చూడటం అన్యాయం. జీవితమంతా ప్రభుత్వ ఉత్తరువుకు విలువనిచ్చి బతికిన విశ్రాంత ఉపాధ్యాయుడికి ఆ గౌరవమే భయంగా మారుతుంది.

నిజానికి శాఖ తన కాగితానికి గుర్తు ఎప్పుడో పెట్టింది. సరైన నమోదు లేకుండా, కంప్యూటర్ వ్యవస్థ ద్వారా కాకుండా కొన్ని నోటీసులు వెళ్లినట్లు గమనించిన ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2019 ఆగస్టు 14న సర్క్యులర్ ఇచ్చి, అక్టోబరు 1 నుంచి, అరుదైన మినహాయింపులు తప్ప, ప్రతి నోటీసుపైనా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలని ఆదేశించింది. ఆ సంఖ్యను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఎవరైనా సరిచూసుకోవచ్చు. అందుకు మొబైల్‌కు ఓటీపీ వస్తుంది, దాన్ని మనమే ఆ పేజీలో నింపాలి తప్ప ఫోన్‌లో అడిగినవారికి చెప్పకూడదు. ఈ తేడా పెద్దవాళ్లకు పక్కన కూర్చొని చూపించవలసినది.

శాఖ నుంచి నిజమైన ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిళ్లు కూడా వస్తాయి కాబట్టి అన్నింటినీ కొట్టిపారేయడం సరికాదు. అయితే డిమాండు నోటీసుకు సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది, గంటలో కట్టమనడం ఆ పద్ధతికి విరుద్ధం. బకాయి పోర్టల్‌లో చలానా ద్వారా కట్టాలే గాని వ్యక్తి ఖాతాకో యూపీఐ నంబరుకో కాదు. రీఫండు 2019 మార్చి నుంచి పాన్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాకే నేరుగా జమ అవుతోంది, కాబట్టి దాని కోసం కార్డు వివరాలు అడగవలసిన పని ఎవరికీ లేదు.

సందేహం వస్తే ఫోన్ పెట్టేసి, వచ్చిన నంబరుకు కాక శాఖ సహాయ కేంద్రం నంబరు 1800 103 0025కు మనమే చేయాలి, లేదా ఆడిటరును అడగాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాలు మారేలోపు సమాచారం అందితేనే బ్యాంకులు దాన్ని నిలిపివేయగలుగుతాయి.